ఎడమకాలి మాస్టారు

మా మావయ్య దగ్గర విమానం నడపడం నేర్చుకున్నవాళ్ళని బూట్లు చూసి పోల్చుకోవచ్చని మా క్లబ్బులో ఒక జోకు ఉండేది. ఎడమ బూటు అడుగు అరిగిపోయి ఉంటుందట, కుడిది కొన్ననాటి మెరుపు పోకుండా ఉంటుందట. జోకే గానీ, ఈమధ్య అటక మీంచి నా పాత బూట్లు దింపి చూసుకుంటే అందులో అబద్ధం పెద్దగా లేదనిపించింది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఊరి చివర గడ్డి మైదానం పక్కనున్న ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షకుడు. అందరూ ఆయన్ని ఎడమకాలి మాస్టారు అనేవారు, మొహంమీదే అనేవారు, ఆయన దాన్ని బిరుదులాగే తీసుకునేవాడు. ఇప్పుడు అదే క్లబ్బులో నేను ముఖ్య శిక్షకురాలిని. నాకు నోరెక్కువని పేరు. ఆ నోరు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే, కాబట్టి దాని గురించి నన్నెవరూ ఏమీ అనడానికి లేదు.

ఆ రోజుల్లో క్లబ్బుకి ఉన్నది ఒకే విమానం. పేరు ముసలమ్మ. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, రెక్కల కింద రెండు చక్రాలు, తోక కింద చిన్న చక్రం ఒకటి. నేలమీద ఉన్నప్పుడు ముక్కు ఆకాశంలోకి ఎత్తిపెట్టి, తోక నేలకానించి, ఎవరితోనూ మాట్లాడనన్నట్టు కూర్చునేది. ముందు సీట్లో నేర్చుకునేవాడు, వెనక సీట్లో మావయ్య. రన్‌వే మీద ఇంజను మీట, అదే థ్రాటిల్, పూర్తిగా తెరవగానే ముసలమ్మ ముక్కు కుడివైపుకి లాగేది. తోకమీది చుక్కానిని తిప్పే రడ్డర్ పెడల్ ఎడమకాలితో తొక్కి ఆపాలి. కొత్తవాడికి కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పుడు వెనకనించి చెవిలో ఒకటే పోరు.

"ఎడమ కాలు నాయనా. కుడిది నీ దగ్గరే ఉంచుకో, ఎడమది నాకియ్యి."

అది ఎందుకు కుడికే లాగుతుందో చెప్పడానికి మావయ్య పెట్టే క్లాసు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. రేకుల గది, అరిగిపోయిన నల్లబల్ల, కిటికీలోంచి పెట్రోలూ గడ్డీ కలిసిన వాసన. మొదట ఒకణ్ణి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద డ్రిల్లింగ్ మెషీన్ని నిటారుగా పైకి పట్టుకుని మీట నొక్కమనేవాడు. డ్రిల్లు ఒకవైపు తిరగబోతే కుర్చీ, దానితోపాటు ఆ మనిషీ రెండోవైపు తిరిగేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. ఇంజను ప్రొపెల్లర్ని ఒకవైపు తిప్పితే, విమానం తాను రెండోవైపు ఒరగాలని చూస్తుంది. నేలమీద ఒరగడానికి వీల్లేదు కాబట్టి ఆ పక్క చక్రం మీద బరువు మోపుతుంది. బరువు పడ్డ చక్రం ఈడుస్తుంది, ముక్కు అటు తిరుగుతుంది.

తర్వాత చెక్క బొమ్మ విమానానికి అత్తయ్య బుట్టలోంచి తెచ్చిన ఎర్ర ఊలుదారం చుట్టేవాడు, ముక్కు దగ్గర్నించి తోకదాకా. ప్రొపెల్లర్ వదిలిన గాలి తిన్నగా వెనక్కి పోదు, ఇలా ఒళ్ళంతా చుట్టుకుంటూ పోయి తోకమీది నిలువు రెక్కని ఒక పక్కనించి తోస్తుంది అనేవాడు. ఇంట్లో అత్తయ్య సగం అల్లిన స్వెట్టరు పట్టుకుని ఊలు ఉండ కోసం వెతుక్కుంటూ ఉండేది. స్వెట్టరు ఆ చలికాలానికి అందేది కాదు.

మూడోది నాకు కష్టంగా అర్థమైంది. తోక నేలమీదే ఉండి ముక్కు పైకి లేచి ఉన్నంతసేపూ ప్రొపెల్లర్ కూడా వెనక్కి వాలి తిరుగుతుంది. కిందకి దిగే రెక్క గాలిని ఎక్కువ కొరుకుతుంది, పైకెళ్ళే రెక్క తక్కువ. పడవలో ఒక పక్క తెడ్డే గట్టిగా వేస్తే పడవ ఎటు పోతుందని అడిగేవాడు. మేం చెప్పేవాళ్ళం. అంతే మరి, ముసలమ్మకి ఎడమ తెడ్డు గట్టిది అనేవాడు.

నాలుగోదానికి సైకిలు చక్రం. ఇరుసుని రెండు చేతుల్తో పట్టుకోమని చక్రాన్ని గిర్రున తిప్పి, ఇప్పుడు దాన్ని కిందకి వంచమనేవాడు. వంచబోతే చక్రం పక్కకి తిరిగి చేతుల్ని మెలేసేది. తిరిగే వస్తువుని ఒకచోట తోస్తే అది అక్కడ లొంగదు, పావు చుట్టు అవతల లొంగుతుంది. రన్‌వే మీద వేగం అందుకుని తోక పైకి లేచేటప్పుడు ప్రొపెల్లర్ చేసేదీ అదే, ఉన్నట్టుండి ముక్కుని ఇంకాస్త పక్కకి విసురుతుంది.

"మీ అత్తయ్యకి చెప్పిన మాటలాగ" అనేవాడు నావైపు చూసి. "ఒకచోట చెబితే ఇంకోచోట పనిచేస్తుంది."

ఆ నాలుగూ కలిసికట్టుగా ముసలమ్మని కుడికి లాగేవి, ఎందుకంటే సీట్లోంచి చూస్తే దాని ఇంజను ఎడమకి తిరిగేది. చాలా ఇంజన్లు కుడికి తిరుగుతాయి, వాటిని నడిపేవాళ్ళు కుడికాలు వేస్తారు. ముసలమ్మది ఎడమచేతివాటం. ఆ సంగతి చెప్పేటప్పుడు మావయ్య గొంతులో గర్వం వినిపించేది, ఏదో తన పెంపకం వల్లే అలా అయినట్టు.

నేను మొదటిసారి ముసలమ్మ ఎక్కింది అంతకంటే చాలా ముందు, చిన్నపిల్లప్పుడు. ఇంట్లో ఉన్న దిళ్ళన్నీ తెచ్చి ముందు సీట్లో వేసి, నన్ను వాటిమీద కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. ముక్కుని పైకీ కిందకీ, రెక్కల్ని పక్కకీ వంచే స్టిక్ నా చేతికిచ్చాడు. కాళ్ళు అందలేదు. బూట్లు గాల్లో వేలాడుతున్నాయి, వాటికి జానెడు కింద పెడళ్ళు. వెనక సీటు పెడళ్ళూ ముందు సీటువీ ఒకదానికొకటి కలిపి ఉంటాయని నాకేం తెలుసు. ముసలమ్మ పరిగెడుతుంటే నా కాళ్ళ కింద పెడళ్ళు వాటంతటవే ముందుకీ వెనక్కీ కదిలాయి. భయమేసి, మావయ్యా, ఇవి కదులుతున్నాయి అని అరిచాను.

"కదలనీ. ముసలమ్మకి నడక తెలుసు. నువ్వు చేతుల సంగతి చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చి విమానం నేనే నడిపానని వీధి వీధంతా చాటింపు వేశాను. నమ్మనివాళ్ళతో దెబ్బలాడాను. పెద్దయ్యాక, నేర్చుకోవడానికి చేరిన మొదటి వారంలోనే ఆ పెడళ్ళ సంగతి తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశావని ఆయనమీద విరుచుకుపడ్డాను. ఆయన నల్లబల్ల తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, చేతులు నీవే కదే అన్నాడు. నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

తర్వాత క్లబ్బుకి కొత్త విమానాలు వచ్చాయి. ముక్కు కింద చక్రం ఉండేవి, కారులా తలుపు తీసుకుని ఎక్కేవి. వాటి ఇంజన్లు కుడికి తిరిగేవి. మావయ్య వాటిమీదా నేర్పాడు, కుడికాలూ బుద్ధిగానే వేశాడు, కానీ మనసు పెట్టలేదు. కొన్నాళ్ళకి ముసలమ్మ ఇంజనుకి పగులొచ్చింది. ఆ ఇంజను తయారుచేసేవాళ్ళే లేరు, విడిభాగాలు లేవు. తార్పాలిన్ కప్పి విమానాల షెడ్డులో, హ్యాంగర్ మూల పెట్టేశారు. మావయ్య రిటైరయ్యాడు. అయినా రోజూ వచ్చి, ఆ తార్పాలిన్ ఒక మూల ఎత్తి చూసి, లోపల పిచ్చుకలు గూడు పెట్టాయేమోనని చెయ్యిపెట్టి తడిమి, మళ్ళీ కప్పి వెళ్ళేవాడు. మా అత్తయ్యకి ఆ విమానమంటే గిట్టదు. దాన్ని ముసలమ్మ అని అంత ముద్దుగా పిలుస్తాడు, నన్ను మాత్రం 'ఇదిగో' అంటాడు, అని నాతో చెప్పుకునేది. అయినా ఆయన క్లబ్బుకి వెళ్ళేటప్పుడు పిచ్చుకల గూళ్ళు తీయడానికి పాత చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టేది ఆవిడే.

పోయినేడు మా మెకానిక్ ఎక్కడో వెతికి ముసలమ్మకి సరిపోయే ఇంజను పట్టాడు. నెలల తరబడి దాన్తోనే కాపురం చేశాడు. కొత్త బిగింపు, కొత్త ప్రొపెల్లర్, కొత్త రంగు. తార్పాలిన్ తీసిన రోజు మావయ్యని పిలిచాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేరుగా ముక్కు దగ్గరికి వెళ్ళి ప్రొపెల్లర్ రెక్క మీద చెయ్యి వేసి, అంచు వెంట నిమురుతూ వచ్చి, సగంలో ఆగిపోయాడు.

"ఇది కుడికి తిరుగుతుంది" అన్నాడు.

దొరికింది అదొక్కటే మాస్టారూ అన్నాడు మెకానిక్, ఏదో నేరం చేసినట్టు. మావయ్య తల ఊపాడు. పెళ్ళీడు పిల్లకి పేరు మార్చారని తెలిసినట్టు మొహం పెట్టాడు.

అప్పటికే డాక్టరు ఆయనకి చెప్పేశాడు. ఒకవైపు గుండె, మరోవైపు కళ్ళు. విమానం నడపడానికి ఇప్పుడున్న ఆరోగ్య సర్టిఫికెట్టు గడువు ఈ నెలాఖరుతో అయిపోతే ఇక ఇచ్చేది లేదని. మావయ్య అది విని ఇంటికి పోకుండా సరాసరి నా గదికి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. ముసలమ్మని ఒక్కసారి తను పైకి తీసుకెళ్ళి, తనే దింపాలి, అంతే అడిగాడు. వెనక నువ్వుండు, నాకేం అభ్యంతరం లేదు, కానీ సామానులా కూర్చుని ఊరు చూసి రావడానికి నేను రాను అన్నాడు. నేను సరేనన్నాను. సరే అనడానికి ముందు ఒక్క క్షణమైనా ఆలోచించి ఉండాల్సింది, కానీ ఆ మొహం చూస్తూ ఎవరికి ఆలోచన వస్తుంది.

ఎంచుకున్న రోజు పొద్దున గాలి లేదు. మైదానం మీద మంచు అప్పుడే ఆరుతోంది. అత్తయ్య కూడా వచ్చి హ్యాంగర్ ముందు కుర్చీ వేసుకుంది, ఊలూ అల్లిక సూదులూ ఒళ్ళో పెట్టుకుని. మావయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక ఎక్కాను. ఇన్నేళ్ళలో ఆయన మెడ వెనకభాగం ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. జుట్టు పలచబడింది, కాలరు వదులైంది. పాత వాసన అలాగే ఉంది, తోలు సీటు, నూనె, కాస్త ఇనుము.

రన్‌వే మొదట్లో ఆగి, కుడి కాలు, కుడి కాలు అని మావయ్య తనలో తాను రెండుసార్లు అనుకోవడం హెడ్‌ఫోన్లో వినబడింది. నాకు నవ్వొచ్చింది. అలా గొణుక్కునేవాళ్ళని ఆయనే ఏడిపించేవాడు. థ్రాటిల్ తెరిచాడు. ముసలమ్మ ముక్కు, ఈసారి, ఎడమకి లాగింది. మరుక్షణం నా కాళ్ళ కింద ఎడమ పెడల్ లోపలికి పోయింది.

అసలే ఎడమకి పోతున్నదాన్ని ఎడమకే తొక్కాడు. ముసలమ్మ రన్‌వే దిగి గడ్డిలోకి దూసుకుపోయింది. నేను నా సీటు పక్కనున్న జంట థ్రాటిల్ మూసి కుడి పెడల్ మీద నా బరువంతా వేశాను. హద్దు గుర్తుగా పెట్టిన తెల్ల బోర్డొకటి రెక్క కింద వెల్లకిలా పడింది. ఆగాం.

ఇంకోసారి అన్నాడు మావయ్య. సరేనన్నాను.

రెండోసారి మొదట్లో బాగానే ఉంది. కుడికాలు వేశాడు, పెడల్ ద్వారా నాకు తెలుస్తోంది, కొత్తగా బడికొచ్చిన పిల్లలా వణుకుతూ అయినా వేశాడు. తోక పైకి లేచింది. సైకిలు చక్రం పాఠం గుర్తుందిగా, అప్పుడు వచ్చే విసురు వచ్చింది. ఆ విసురుకి ఆయన ఆలోచించే వ్యవధి లేదు, ఆయన కాలే ఆలోచించింది. మళ్ళీ ఎడమది. మళ్ళీ థ్రాటిల్ మూశాను. ఈసారి బోర్డు జోలికి పోలేదు, అదే నయం.

వేరే ఏ విమానంలోనూ ఆయనకి ఇలా జరగలేదు. ఈ సీటు, ఈ వాసన, ఈ స్టిక్ పిడి, ముక్కు మీదుగా కనబడే ఈ కాస్త ఆకాశం, ఇవన్నీ కలిసి ఆ కాలికి ఒకటే మాట చెబుతున్నాయి. ఎక్కింది ముసలమ్మ, వెయ్యాల్సింది ఎడమది. ఆయన తలకి సంగతి తెలుసు. నల్లబల్ల ముందు నిలబెడితే నాలుగు కారణాలూ తలకిందులు చేసి చెప్పగలడు. కాలు మాత్రం నల్లబల్ల చూడదు.

తిరిగొచ్చి రేకుల గదిలో కూర్చున్నాం. ఇప్పుడక్కడ పాత టైర్లు, పెయింట్ డబ్బాలు పెడుతున్నారు. నల్లబల్ల ఇంకా గోడకే ఉంది. మెకానిక్ టీ తెచ్చిపెట్టి వెళ్ళిపోయాడు. నేను ముఖ్య శిక్షకురాలిని. చెప్పాల్సింది నేనే. ఎంతమందికో మొహమాటం లేకుండా చెప్పాను, నువ్వు దీనికి పనికిరావు, ఇంకో పని చూసుకో అని, ముక్కుసూటిగా. ఇప్పుడు టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాను. టీ చల్లారింది.

"నువ్వు వద్దనాల్సిన పని లేదులే" అన్నాడు మావయ్య. "నేనే దిగిపోతాను. నా దగ్గర నేర్చుకునేవాడు ఎవడైనా ఇలా రెండుసార్లు చేస్తే, మూడోసారి ఎక్కనిచ్చేవాణ్ణి కాదు."

అది నిజం. ఆయన లేచి, అలవాటుగా డస్టర్ అందుకుని, ఏమీ రాసిలేని నల్లబల్లని పైనించి కిందకి తుడిచాడు. తుడవడం అయ్యాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆ వీపు చూస్తే నాకు దిళ్ళు గుర్తొచ్చాయి. ఒక దిండుకి పువ్వులుండేవి, ఇంకోదాని కుట్టు ఊడి దూది వచ్చేది.

"కాళ్ళు నేను వేస్తాను" అన్నాను. "చేతులు నీవి."

ఆయన వెనక్కి తిరిగాడు. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"నేను అప్పుడు చిన్నపిల్లనే. నాచేత నడిపించలేదూ?"

"నడిపానని నువ్వు అనుకున్నావు."

"ఇప్పటికీ అనుకుంటున్నాను" అన్నాను.

ఆయన డస్టర్ని తీసుకెళ్ళి దాని చోట పెట్టాడు. పద అన్నాడు. బయటికొచ్చేటప్పుడు అత్తయ్య ఏమైందని అడిగితే, నీ మేనకోడలికి కాళ్ళు దురద పెడుతున్నాయట అన్నాడు. ఆవిడ అల్లిక ఆపి నా కాళ్ళవైపు అనుమానంగా చూసింది.

ఈసారి ఆయన పాదాలు పెడళ్ళ మీద లేవు. రెండూ నేలకానించి, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. థ్రాటిల్ తెరిచాడు. ముక్కు ఎడమకి లాగబోయింది, కుడికాలితో పట్టుకున్నాను. తోక లేచింది, విసురొచ్చింది, ఇంకాస్త వేశాను. రన్‌వే మధ్యగీత ముక్కు కిందనించి తిన్నగా జారిపోయింది. ఆయన చెయ్యి స్టిక్ని ఎంత లాగాలో అంతే లాగింది, చక్రాలు నేల వదిలిన క్షణం నాకు తెలియనే లేదు. ఆ చేతికి వయసు రాలేదు.

పైకెక్కుతుంటే ముక్కు ఎత్తులో ఉంది కాబట్టి కుడికాలు వేసే ఉంచాలి. ఎదురుగా అద్దపు గొట్టంలో నల్ల గుండు ఒకటి ఉంటుంది, కాలు సరిగ్గా వేస్తే మధ్యలో నిలబడుతుంది. నేను కింద మైదానం చూస్తూ ఒక్క క్షణం ఆదమరిచాను. గుండు పక్కకి పోతోంది, వెనకవాళ్ళు నిద్రపోతున్నారా అని ముందు నించి వినబడింది. అదే గొంతు. నా పదిహేడో ఏట విన్న గొంతు. కాలు వేశాను, మాస్టారూ అన్నాను. ఊఁ అన్నాడు.

మైదానం చుట్టూ తిప్పాడు. క్లబ్బు కప్పు, దారి పక్క చెట్లు, హ్యాంగర్ ముందు చుక్కలా అత్తయ్య. తర్వాత ఊరిమీదకి తీసుకెళ్ళి, ఆయన చిన్నప్పటి ఇల్లున్న వీధి వంపు చూపించాడు. ఆ ఇల్లు లేదు, వంపు ఉంది. మీ అమ్మ ఆ వంపులోనే నన్ను సైకిలు మీంచి తోసేసింది అన్నాడు. మా అమ్మ చెప్పే కథలో ఎవరూ తోయకుండా ఆయనే పడిపోతాడు. నేనా గొడవలోకి వెళ్ళలేదు. అమ్మ ఇప్పుడు లేదు, ఆ కథకి ఇక ఒక్క సాక్షే మిగిలాడు. ఆయన ఎలా చెబితే అలాగే జరిగిందనుకున్నాను.

తిరిగి మైదానం పక్కకి వచ్చాం. రన్‌వే ఎడమచేతి కింద సమాంతరంగా పోతోంది. దిగేటప్పుడు ఇంజను సాయం లేకుండా దిగడం ఆయన పద్ధతి. అందరికీ అలాగే నేర్పాడు. ఒకచోట, రన్‌వే మొదలు దాటగానే, థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేసి, మిగతాదంతా జారుడుబల్లమీద జారినట్టు జారుతూ రావడమే.

లాగేశాడు. ఇంజను హోరు ఒక్కసారిగా అడుగంటింది. గాలి రెక్కలకి రాసుకునే చప్పుడు మిగిలింది.

నా కుడికాలి కింద బరువు మాయమైంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఎన్ని వందలసార్లు క్లాసులో చెప్పి ఉంటాను. ఇంజను లాగనప్పుడు ఒరిగేది లేదు. ప్రొపెల్లర్ గాలి చుట్టదు. కిందకి దిగే రెక్కకీ పైకెళ్ళే రెక్కకీ తేడా లేదు. ముసలమ్మకి ఎడమచేతివాటమూ లేదు, కుడిచేతివాటమూ లేదు. అలవాటుగా ముందే వేసి ఉంచాల్సిన కాలంటూ ఏదీ లేదు. ముక్కు ఎటు పోతే అటు చూసి, చూసిన దానికి కాలు వెయ్యడమే. ఇంజను మూశాక ఇది ఆ పాత ముసలమ్మే, ఆయన ఆ పాత మాస్టారే.

"మావయ్యా, కాళ్ళు పెట్టు" అన్నాను.

"వద్దులే అమ్మడూ. బాగానే ఉందిగా."

"పెట్టు. థ్రాటిల్ ముట్టుకోనంటే చాలు."

పెడళ్ళు కొంచెం అదిరాయి, ఆయన కాళ్ళు పెట్టాడు. నేను నా పాదాలు పెడళ్ళకి వేలెడు దూరంలో ఉంచి కూర్చున్నాను. శిక్షకురాలిని, అంతకంటే దూరం పెట్టడానికి మనసు రాలేదు. చేతిని నా థ్రాటిల్ ముందు అడ్డంపెట్టాను, ఆయన పొరపాటున తెరిస్తే మళ్ళీ ఎడమకాలి గొడవ. ముసలమ్మ మలుపు తిరిగింది. తిరిగేటప్పుడు నా బూట్ల ముందు పెడల్ మెత్తగా లోపలికి పోయి, పని అవగానే మెత్తగా వెనక్కొచ్చింది. గుండు మధ్యలోంచి కదల్లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేనలా ఒక్కనాడూ తిప్పలేదు, ఇప్పటికీ తిప్పలేను.

రెండో మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చేసరికి నా పాదాలు నేలమీద ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు.

గడ్డి అంచు కిందనించి వెళ్ళిపోయింది. ఆయన స్టిక్ని కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ, ముసలమ్మని నేల ముట్టుకోనివ్వకుండా, ముట్టుకోనివ్వకుండా, ఇక వల్లకాదనేదాకా పట్టి ఉంచాడు. మూడు చక్రాలూ ఒకేసారి ఆనాయి. నేలమీద పరిగెడుతుంటే పెడళ్ళు చకచకా కదిలాయి, ఎడమ, కుడి, కొంచెం ఎడమ, కొంచెం కుడి. నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు చూసినట్టే చూశాను. కళ్ళు మసకబారితే తుడుచుకోలేదు, వెనక సీట్లో ఎవరు చూడొచ్చారు.

నడక వేగానికి వచ్చి, రన్‌వే చివర గడ్డి పక్కన ఆగాం. ఆయన ఇంజను పూర్తిగా ఆపేశాడు. ప్రొపెల్లర్ రెండు చుట్లు తిరిగి నిలిచింది. దూరంగా అత్తయ్య కుర్చీలోంచి లేచి, ఊలు ఉండ కింద పడి దొర్లిపోతున్నా పట్టించుకోకుండా ఇటే చూస్తోంది.

"నీ కాళ్ళు ఎప్పుడు తీసేశావు?" అని అడిగాడు మావయ్య.

"నువ్వు ఇంజను మూయగానే" అన్నాను. వేలెడు దూరం సంగతి చెప్పలేదు.

ఆయన తల ఊపాడు. వెనక్కి తిరగలేదు, తిరగడని నాకు తెలుసు. బెల్టు విప్పుకోలేదు, తలమీది అద్దం వెనక్కి జరపలేదు. నేనూ దిగుదామనలేదు. మెకానిక్ ఇటు రాబోతే అత్తయ్య చెయ్యి అడ్డంపెట్టి ఆపడం కనిపించింది.

ఇంజను ఆగి, విమానం కదలకుండా నిలబడి ఉంది. నా బూట్ల ముందు పెడళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి, నెమ్మదిగా, ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. నేను కాళ్ళు పెట్టలేదు.